పసుపు పిల్ల పుట్టిననాడు

కోరుట్ల,
జనవరి 18, 2011.

తమ్ముడు తిరుపతికి,

ఇంటికి రాస్తే నాయిన ఉత్తరాన్ని పొయ్యిలో పెడతాడు. ఫోన్ చేస్తే నీ ఫోన్‌లో నంబరు చూసి నిన్నే పెడతాడు. అందుకే నీ దోస్తు చాయ్ హోటల్ చిరునామాకు రాస్తున్నాను. నువ్వూ రాసే పంపు. నేను ఇల్లు విడిచి ఏడాది దాటింది. బతికున్నానా అని కూడా నువ్వు అడగలేదు. ఆ సంగతి తర్వాత తిట్టుకుందాం.

మన పక్కింటి మల్లక్క కొండగట్టు మొక్కు తీర్చుకుని, అటు నుంచి అటే మా ఇంటికి వచ్చి పోయింది. వచ్చే వారం వాళ్లందరూ భీవండి మరమగ్గాలకు, సాంచాల పనికి పోతున్నారట. ఇక నాకు సిరిసిల్ల కబురు చెప్పే మనిషి లేదు. అవ్వకు దమ్ము ఎక్కువైందనీ, పడుకుంటే ఊపిరి ఆడక కండెలు చుట్టే పీట మీదే కూర్చుని నిద్రపోతోందనీ చెప్పింది. నా పేరు తీసి ఏడుస్తోందట, నాయిన ఇంట్లో లేనప్పుడు. నాకిప్పుడు ఐదో నెల. నాకు కావాల్సింది ఒక్కటే. అవ్వ ఉండగా ఆ గడప తొక్కి నా బిడ్డను ఆమె ఒళ్లో పెట్టాలి.

కులం కాని మహేందర్‌ను చేసుకున్నానని కుల సంఘంలో పంచాయితీ పెట్టినప్పుడు నువ్వు అక్కడే ఉన్నావు. "ఎంకటీ, రేపు నీ బిడ్డ ఏడ్సుకుంట అత్తె ఏం జేస్తవ్?" అని పెద్దమనిషి అడిగితే నాయిన ఏమన్నాడో గుర్తు చేసుకో. "నా పంజరంల రెండు ఎర్ర పిట్టలకు పసుపు పిల్ల పుట్టిన్నాడు నా బిడ్డ నా గడప తొక్కుతది. అప్పటిదాంక తొక్కది." అందరూ నవ్వారు. నాయిన మాట తప్పడని ఊరంతా అంటుంది. ఆయనకు ఉన్న ఒకే ఒక్క నగ అది.

అది జరిగే పని కాదని ఆయన ధీమా. సాంచాలు పెట్టకముందు అద్దకం పని చేసిన మనిషి కదా. ఎర్ర తొట్టిలో చెంబెడు పసుపు పోస్తే ఆ పసుపు మళ్లీ బయటికి రాదు. పిట్టలనూ ఆ కళ్లతోనే చూశాడు. అమ్మినవాడు వాటిని గోల్డెన్ ఫెజెంట్లు అన్నా మన గల్లీకి అవి బంగారు కోళ్లే. మొదటి ఎర్ర పుంజుకు హైదరాబాదు పసుపు పెట్టను జత కట్టి, నారింజ రంగు పిల్లలు వస్తాయని అందరికీ చెప్పుకున్నాడు. అన్నీ ఎర్రగానే తేలాయి. "ఎరుపు పసుపును మింగింది" అని తీర్పు చెప్పాడు. ఆ పెట్ట చచ్చాక దాని ఊసే మరిచిపోయాడు.

మింగలేదు తమ్మీ, దాచుకుంది. జగిత్యాల కాలేజీలో నేను చదువుకున్నది ఇదే. ఆ పసుపు పెట్ట పిల్లలు ప్రతిదీ ఒంట్లో ఒక పాలు ఎరుపు, ఒక పాలు పసుపు పెట్టుకుని తిరుగుతోంది. ఎరుపు ఒక్క పాలున్నా పైకి ఎరుపే కనిపిస్తుంది. అలాంటి రెండింటిని జత కడితే నాలుగింటిలో ఒక పిల్లకు రెండు వైపుల నుంచీ పసుపే రావచ్చు. దాన్ని కప్పేయడానికి ఇక ఎరుపు ఉండదు.

ఇన్నాళ్లూ ఎందుకు రాలేదంటే నాయిన పిట్టలకు కూడా వావి వరసలు చూస్తాడు. ఒక తల్లి పిల్లలను జత కడితే పాపమని వంకర వేలు పెట్టకు బయటి పుంజును తెచ్చాడు. వంకర వేలు పెట్ట, చివరి పంజరంలో ఉన్న తోక విరిగిన పుంజు, రెండూ ఆ పసుపు పెట్ట పిల్లలే. పంజరాలు కడిగేటప్పుడు పుంజులను మార్చేయి. కళ్లజోడు లేకుండా నాయినకు ఆ తోక తేడా తెలియదు.

అవ్వకు మాత్రం చెప్పకు. ఆశ పెట్టుకుని కూర్చుంటుంది.

నీ అక్క,
భాగ్యశ్రీ


సిరిసిల్ల,
ఫిబ్రవరి 22, 2011.

అక్కకు,

నీ ఉత్తరం చదివేసరికి చాయ్ చల్లారిపోయింది. హోటల్ దోస్తు "ఎవలురా, పిల్లనా?" అని ఒకటే పరాచికం. పిల్ల కాదు, పీడ అని చెప్పాను. ఏడాది అడగనందుకు తిట్టు, పడతాను.

సహాయ నిరాకరణ అని ఆఫీసులన్నీ మూసేశారు. కరెంటు వచ్చినప్పుడు సాంచా నడుపుతున్నాం, పోయినప్పుడు బస్టాండు దగ్గర జై తెలంగాణ అంటున్నాం. పుంజులను మార్చేశాను. నాయిన తెల్లారి వచ్చి పంజరాల ముందు నిలబడ్డాడు. "బయటి పుంజు గీ నడుమ మంచిగ కుదురుకున్నదిరా" అన్నాడు. నవ్వు ఆపుకోలేక నీళ్ల బకెట్ పట్టుకుని వెనక్కు పోయాను.

ఒక సంగతి చెప్పాలా వద్దా అని రెండు దినాలు ఆగాను. గుడ్లు పొడుచుకుని తినే పెట్ట ఒకటి ఉండేది. నువ్వు పోయాక నాయిన దానికి నీ పేరు పెట్టాడు. "భాగ్యా, రా బిడ్డా" అని పిలిచి చేతిలో గింజలు పెట్టి తినిపించేవాడు. పిలిస్తే చేతిదాకా రావడం అది నేర్చుకుంది. సంఘం పెద్దమనుషులు మనింటికి వచ్చిననాడు అందరి ముందూ దాన్ని పిలిచాడు. వచ్చింది. కోశాడు. అవ్వతోనే వండించాడు. అవ్వ వండి వడ్డించింది గానీ ముద్ద ముట్టలేదు.

ఆయన ఎట్లాంటి మనిషో నీకు తెలుసు. తెలిసీ ఆ గడప తొక్కాలని ఎందుకో నాకు అర్థం కాదు. అయినా చేస్తున్నాను కదా.

తిరుపతి


కోరుట్ల,
మార్చి 16, 2011.

తమ్మీ,

పెట్ట సంగతి చదివి ముందు నవ్వాను, తర్వాత కక్కుకున్నాను. మా అత్త నర్సక్క కడుపుతో ఉన్నదానికి మామూలే అనుకుని చింతపండు ముద్ద చేతిలో పెట్టింది. ఈవిడ పసుపు ఉడకబెట్టే కూలికి పోయి వస్తుంది. చేతులెప్పుడూ పసుపుగానే ఉంటాయి. నేను వచ్చిన కొత్తలో నా కంచం ఎక్కడ పెట్టుకుంటానో అని నన్ను ఓ కంట కనిపెట్టింది. అందరి కంచాల మీదే పెట్టాను. ఆ రోజు నుంచి నన్ను పని చేయనివ్వడం లేదు.

ఇప్పుడు గుడ్ల సంగతి. బంగారు పెట్టకు పంజరంలో పొదిగే ఓపిక ఉండదు. వంకర వేలు పెట్ట గుడ్లు ఏరి, నాటుకోడి కింద పెట్టించు. పొదుగు గంప వంటింటి మూలనే కదా ఉండేది, అవ్వే చూసుకుంటుంది. మామూలు పిల్లలు గోధుమ రంగు నూగుతో పుడతాయి. మనకు కావాల్సిన పిల్ల గుడ్డు పగిలిన గంటకే పసుపుగా కనిపిస్తుంది. పుట్టిన ప్రతి పిల్ల కాలికీ ఆకుపచ్చ నూలు పోగు కట్టు, రేపు ఏ జతవో గొడవ రాకుండా. కాలు లావయ్యే కొద్దీ ఆ పోగు వదులు చేస్తూ ఉండాలి, మరిచిపోతే మాంసంలోకి దిగుతుంది.

పసుపు పిల్ల కనిపించగానే నలుగురిని పిలువు. నలుగురు చూశాక నాయిన కాదనలేడు.

భాగ్య


సిరిసిల్ల,
ఏప్రిల్ 14, 2011.

అక్కకు,

గుడ్లు నాటుకోడి కింద ఉన్నాయి. అవ్వ రోజూ గంప మీద గుడ్డ సర్ది పోతుంది. ఏ జతవో ఆమెకు తెలియదు.

నాకు పిల్లను చూశారు. సంఘం పెద్దమనిషి మనవరాలు. పిల్ల మంచిదే, తల వంచుకుని నవ్వింది. వాళ్ల తాత అందరిలో ఒక మాట అడిగాడు, "ఆ కోరుట్ల పిల్ల మల్ల గీ ఇంట్లకు రాదు గద ఎంకటీ?" నాయిన నా వైపు చూసి "మా తిరుపతిని అడుగుండ్రి" అన్నాడు. రాదని చెప్పాను. ఏం చెప్పమంటావు మరి? నువ్వు పోయినప్పుడు నీకు ఒక మొగుడు దొరికాడు. నాకు మాత్రం నీ వల్ల రెండు సంబంధాలు తప్పిపోయాయి. ఇది మూడోది.

అట్లాగని నీ పని ఆపలేదు. గుడ్లు పొదుగులోనే ఉన్నాయి.

తిరుపతి


సిరిసిల్ల,
మే 9, 2011.

అక్కకు,

పిల్లలు లేచాయి. అన్నీ గోధుమ రంగువే. ఒక్కటీ పసుపు లేదు. కాలేజీలో నీకు ఏం చదువు చెప్పారో గానీ నాయిన అద్దకం లెక్కే నిజమైంది.

పోగులు కట్టాను. ఎండలు బాగా ఉన్నాయి. ఒళ్లు జాగ్రత్త.

తిరుపతి


కోరుట్ల,
జూన్ 20, 2011.

తమ్మీ,

ఆడపిల్ల పుట్టింది. దీవెన అని పేరు పెట్టాం. మా మామ నర్సింగం చర్చిలో నిలబడి, కొడుకు పుట్టినట్టు అందరికీ మిఠాయి పంచాడు. దానికి అవ్వ ముక్కు వచ్చింది. ఇక్కడ ఎవరూ అవ్వను చూడలేదు కాబట్టి ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. ఎవరికి చెప్పుకోవాలో తెలియక నీకు రాస్తున్నాను.

ఒక విడతలో రాకపోవచ్చు తమ్మీ. నాలుగింట ఒకటి అన్నది సగటు మాటే గానీ ప్రతి నాలుగో గుడ్డూ పసుపు అవుతుందని కాదు. ఇంకొక్క విడత పెట్టు. గోధుమ పిల్లలనైనా అమ్మకు, వాటిలోనూ దాచుకున్నవి ఉంటాయి.

నీ మే ఉత్తరం మూడుసార్లు చదివాను. నువ్వు అంత చిన్న ఉత్తరం రాసేవాడివి కాదు. పిల్లలెన్నో రాయలేదు, గుడ్లు పగిలినప్పుడు ఇంట్లో ఎవరున్నారో రాయలేదు. నా మీద కోపముంటే తిట్టి రాయి. అవ్వకు మనవరాలు పుట్టిందని మాత్రం చెవిలో చెప్పు. అది ఒక్కటి చెయ్యి, ఇంకేం అడగను.

భాగ్య


సిరిసిల్ల,
జూలై 27, 2011.

అక్కకు,

రెండో విడత గుడ్లు మురిగిపోయాయి. నాయిన తోక తేడా కనిపెట్టి జతను విడదీశాడు. పిట్టల సంగతి ఇక అయిపోయింది.

అవ్వకు చెప్పాను. విని కండె చుట్టుకుంటూ కూర్చుంది. ఇప్పుడు నీ గురించి అడగడం కూడా మానేసింది. నువ్వు కూడా రాయడం మానేయి. హోటల్ దోస్తు ఉత్తరాలు ఎవరివని అడుగుతున్నాడు. రేపు నాకు కాబోయే అత్తింటివాళ్ల చెవిన పడితే బాగుండదు.

తిరుపతి


సిరిసిల్ల,
అక్టోబర్ 3, 2011.

భాగ్యశ్రీకి,

అవ్వ చనిపోయింది. పోయిన గురువారం పొద్దున పీట మీద కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. కండె చేతిలోనే ఉంది. ఆ సాయంత్రమే దహనం అయిపోయింది.

సకల జనుల సమ్మె కదా, బస్సులు లేవు. బస్సులు ఆపి కూర్చున్నవాళ్లలో కండక్టర్ నీ మొగుడు కూడా ఉన్నాడు, కాబట్టి నన్ను అనడానికి లేదు. ఫోన్ చేస్తే ఏదో ఒక ఆటో పట్టుకుని వచ్చి వాకిట్లో లొల్లి పెడతావని నాయిన వద్దన్నాడు. అందుకే ఉత్తరం వేస్తున్నాను. సమ్మెలో టపా ఎప్పుడు చేరుతుందో నాకు తెలియదు.

చుట్టాలు నీ గురించి అడిగారు. కబురు చేశాం, రానన్నది అని చెప్పాను. ఎట్లాగూ రానిచ్చేవాళ్లం కాదు, అదీ ఇదీ ఒక్కటే. అనేవాళ్లు నాలుగు మాటలు అన్నారు, పోయారు.

నెల మాసికం ఈ నెలాఖరున. సంఘం పెద్దమనిషి ఇంటివాళ్లూ వస్తున్నారు. రావద్దు.

తిరుపతి


కోరుట్ల,
అక్టోబర్ 27, 2011.

తిరుపతికి,

నీ ఉత్తరం నాకు పోయిన వారం చేరింది. అవ్వ బూడిదైన మూడు వారాలకు. ఆ మూడు వారాలూ నేను ఇక్కడ పిల్లకు పాలిస్తూ, అవ్వకు చలికాలంలో దమ్ము ఎక్కువవుతుందే అని దిగులు పడుతున్నాను.

కన్నతల్లి పోయినా రాలేదని నన్ను పదిమందిలో నిలబెట్టావు. మహేందర్ అప్పుడే నీ మీదికి రావాల్సింది. నేనే ఆపాను, ఎందుకంటే నా దగ్గర ఒకటుంది.

సమ్మె శిబిరంలో కూర్చోవడానికి మహేందర్ జగిత్యాల పోయేవాడు. సమ్మె చివరి దినాల్లో చూస్తే, అక్కడ చిన్నయ్య అనే సైకిల్ షాపు మనిషి దుకాణం ముందు పంజరంలో ఒక పడుచు పుంజును పెట్టుకున్నాడు. బంగారు కోడే, కానీ ఒంటి మీద ఎక్కడా ఎరుపు లేదు. పసుపు. కాలికి ఆకుపచ్చ పోగు. ఎవరూ వదులు చేయలేదు కాబట్టి అది మాంసంలోకి దిగి కాలు వాచిపోయింది. ఎవరిచ్చారని అడిగితే "సిరిసిల్ల సాంచాల పిలగాడు, ఎండకాలంల పిల్లను జేబుల పెట్టుకచ్చి ఇచ్చిండు, తిరుపతట" అన్నాడు.

మహేందర్ దాన్ని తెచ్చి నా ముందు పెట్టినప్పుడు నాకు ఏడుపు రాలేదు. నీ మే ఉత్తరం తీసి మళ్లీ చదివాను. "ఒక్కటీ పసుపు లేదు." నీ రాత చిన్నప్పటి నుంచీ ముద్దగా ఉంటుంది, ఆ ఒక్క వాక్యం ఎంత పొందికగా రాశావో. పెళ్లి కోసం అవ్వకూ నాకూ మధ్య ఆ గడపను అట్లాగే ఉంచావు. నాయిన క్రూరుడని నాకు తెలుసు, ఆయన ఎన్నడూ దాచుకోలేదు. నువ్వు నన్ను అక్కా అంటూ చేశావు.

ఈ ఉత్తరం నీకు చేరేసరికి మాసికం అయిపోయి ఉంటుంది. భోజనాల వేళకు మహేందర్ వచ్చి, గడప బయటే నిలబడి, నలుగురి ముందు బుట్ట దించుతాడు. బుట్టలో ఆ పుంజు ఉంటుంది. కాలికి నీ పోగు ఉంటుంది. నాయిన ఏ పాపమైనా క్షమిస్తాడేమో గానీ, తనను మాట తప్పినవాడిగా చేసిన కొడుకును క్షమించడు. నీ పెద్దమనిషి, నీ పిల్ల, అందరూ చూస్తారు. చూడాలి.

భాగ్యశ్రీ


సిరిసిల్ల,
నవంబర్ 8, 2011.

అక్కా,

అనుకున్నది చేశావు. జరిగింది జరిగినట్టు రాస్తాను, పూర్తిగా చదువు.

మీ ఆయన బుట్ట దించి గడప బయటే నిలబడ్డాడు. పెద్దమనిషి గుడ్డ తీశాడు. అందరూ లేచి చూశారు. నాయిన కళ్లజోడు పెట్టుకుని, వంగి, పిట్టను చూసి, నా వైపు తిరిగి అన్నాడు: "గిది గింక బతికే ఉన్నదారా? తొట్టిల ముంచుమని చెప్తిని గద నీకు."

పెద్దమనిషి అడిగాడు, "అంటే పసుపు పిల్ల పుట్టిందని నీకు ఎర్కేనా ఎంకటీ?"

"ఎర్కే. పుట్టింది, సచ్చింది. సచ్చిన పిల్లకు నా మాటేంది?" అన్నాడు నాయిన. బుట్టలో చెయ్యి పెట్టి దాని మెడ తిప్పి మళ్లీ బుట్టలోనే పెట్టాడు. మీ ఆయన ముందే చేశాడు. తర్వాత చేతులు కడుక్కుని విస్తరి ముందు కూర్చున్నాడు. తినడానికి ఇంకెవరూ కూర్చోలేదు. మాట మింగిన ఇంటికి పిల్లను ఇచ్చేది లేదని చెప్పి పెద్దమనిషి వాళ్లు వెళ్లిపోయారు. నీ కడుపు చల్లబడాలి.

ఇప్పుడు మే సంగతి విను. ఆ పొద్దున గంప ఎత్తి చూసింది నేను కాదు. అవ్వ. కోడి కింద మూడు పసుపు పిల్లలు. ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది, సంఘంలో నాయిన అన్న మాట ఆమెకూ తెలుసు. దమ్ముతో నిలబడలేని మనిషి, బిందె నీళ్లు మోసుకుని గడప కడిగింది. పసుపు రాసింది, ముగ్గు వేసింది. స్నానం చేసి పెట్టె తెరిచి వేరే చీర తీసి కట్టుకుంది. "తిరుపతీ, అక్కకు ఫోన్ జెయ్, నాయిన మాట నిలవడ్డదని చెప్పు" అని గడప మీద కూర్చుంది.

నేను పిల్లల కాళ్లకు పోగులు కట్టి గంపలో దించానో లేదో నాయిన లేచి వచ్చాడు. గంపలో చూశాడు. పిల్లలను నా చేతిలో పెట్టి, పెరట్లో ఉన్న పాత అద్దకం తొట్టి వైపు కళ్లతో చూపించాడు. రెండింటిని ముంచాను. మూడోది వేలు పట్టుకుని వదలలేదు. దాన్ని జేబులో వేసుకున్నాను. దయ అనుకోకు, నాకు చెయ్యి ఆడలేదు, అంతే. సాంచా సామాన్ల కోసం జగిత్యాల పోయినప్పుడు వదిలేసి వచ్చాను. కాలి పోగు తీసేయాలని కూడా తోచలేదు.

నేను పెరట్లోంచి వచ్చేసరికి నాయిన అవ్వ వినేటట్టు అడిగాడు, "ఫోన్ జేసినవారా? ఏమన్నదిరా మీ అక్క?" అడుగుతూ నా పెళ్లి కార్డు నమూనాను చేతిలో పట్టుకుని తిప్పుతున్నాడు. నాకు ఆయన ఏం చెప్పమంటున్నాడో తెలుసు.

"రానన్నది" అన్నాను.

అవ్వ ఏడవలేదు. "కడుపుతోని ఉన్నది గద, ఎండల ఎట్లత్తది. రేపత్తది" అన్నది. తెల్లారి మళ్లీ గడప కడిగింది, మళ్లీ కూర్చుంది. అట్లా ఆ ఎండాకాలమంతా కడిగింది. వానలు పడ్డాక ఒకనాడు చెంబు పక్కన పెట్టి, "నేనేం పాపం జేసిన్రా దానికి" అని నన్నడిగింది. ఆ తర్వాత నీ గురించి అడగలేదు. మనవరాలు పుట్టిందని నేను చెప్పలేదు. చెబితే, పిల్లనైనా చూపించడానికి రాలేదా అని అడుగుతుందని భయమేసింది.

నాయిన ఎప్పటిలాగే ఉన్నాడు. నిన్న కొత్త పెట్టను తెచ్చాడు. నేను భీవండి పోతున్నాను.

తిరుపతి


కోరుట్ల,
నవంబర్ 15, 2011.

తిరుపతికి,

నిన్ను తిట్టడానికి కాగితం తీశాను. ఏమీ రావడం లేదు.

రాత్రీ పగలూ అవ్వ ఆ గడప మీద కూర్చున్నట్టు కనిపిస్తోంది. కడిగిన గడప కనిపిస్తోంది, ముగ్గు కనిపిస్తోంది, కాళ్లు కనిపిస్తున్నాయి. చీర మాత్రం కనిపించడం లేదు. ఏది కట్టుకున్నట్టు అనుకున్నా కాదనిపిస్తోంది.

భీవండి బండి ఎక్కేముందు ఒక్క ముక్క రాసి పో. ఆ దినం పెట్టెలోంచి ఏ చీర తీసి కట్టుకుంది?

భాగ్య